పిన్నిగారు దిద్దిన మాట

మా కోనసీమ కవి ఒకాయన ఉండేవారు. ఇంటర్ చదివే రోజుల నుంచీ ఆయన కవిత్వమంటే నాకు పిచ్చి. ఆయన పోయాక ఆ పిచ్చి ఆయన వస్తువుల మీదకు మళ్ళింది. కళ్ళజోడు కొత్తపేటలో ఆయన మిత్రుడొకరి దగ్గర దొరికింది. చేతికర్ర రాజోలులో ఆయనకు వైద్యం చేసిన డాక్టరుగారిచ్చారు. పెన్ను మాత్రం ఓడలరేవులో ఉన్న శిష్యుడు ససేమిరా ఇవ్వనన్నాడు. మా ఆవిడ సణుగుతూనే బీరువాలో తన చీరల అర ఒకటి ఖాళీ చేసింది.

ఇక మిగిలినవి రాతప్రతులు. వాటికోసం సఖినేటిపల్లి దగ్గర కవిగారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్యను నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఎనభై దాటిన మనిషి.

"కాయితాలా మాస్టారూ? ఆయ్, ఉన్నాయండి. అటక మీద రేకుపెట్టెలో పెట్టేను," అన్నారు.

నిచ్చెనెక్కి నేనే దింపాను. పెట్టెనిండా పాత శుభలేఖలు. వాటి వెనకవైపే కవిగారు రాసుకునేవారట.

వెతుకుతుంటే నాకు ప్రాణమైన గోదావరి కవిత కనబడింది. వరద తీశాక నది 'ఒద్దికగా' వెళ్ళిపోయిందంటారు అందులో. ఇరవయ్యేళ్ళుగా కవిగారి గొప్పతనమంతా అందులోనే ఉందని ఆ ఒక్క మాట మీదే క్లాసులో పావుగంట మాట్లాడుతున్నాను. తీరా చూస్తే, అక్కడ 'గంభీరంగా' అని రాసి కొట్టేసి ఉంది. పైన 'ఒద్దికగా' అని వేరే చేతిరాత.

"ఇదెవరి రాతండీ పిన్నిగారూ?"

"నాదేనండి. ఆయన చదివి వినిపించేరు. ఊళ్ళోకొచ్చి అంత ఆగడం చేసిన గోదారికి గాంభీర్యమేంటండీ, తప్పు చేసిన పిల్లలా ఒద్దికగా పోద్ది గానీ అన్నాను. పెన్ను నా చేతికిచ్చి, నువ్వే దిద్దు అన్నారు."

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేమండీ?"

"ఎవరూ అడగలేదండి."

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కింద కూర్చుని శుభలేఖలు తిరగేశాం. ఆవిడ దిద్దినవి ఇంకో నాలుగు తేలాయి. రెండు కవితలు మాత్రం పక్కన పెట్టేశారు.

"వీటికి నా మాట వినలేదండి. అందుకే కుదర్లేదు."

చదివి చూశాను. ఒకదాని విషయంలో ఆవిడదే న్యాయం. రెండోది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పెట్టె మొత్తం తీసుకెళ్ళమన్నారు. గోదావరి కవిత ఒక్కటీ తీసి తన దిండు కింద పెట్టుకున్నారు. ఫోనులో ఫోటో తీసుకుంటానంటే, "ఆయ్, తీసుకోండి," అన్నారు.

మర్నాడు క్లాసులో ఇన్నేళ్ళూ నేను చెప్పింది తప్పని ఒప్పుకుని, ఆ ఫోటో పిల్లలందరికీ చూపించాను.