నాలుగున్నర మార్కులు, ప్రభుదాసు పేరు మీద

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ప్రతి ఆదివారం దాన్ని మోసుకునే చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి పోతాను. రొట్టె తీసుకుంటాను. మళ్లీ దాన్ని మోసుకునే ఇంటికి వస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో నాకు పని ఉండేది కాదు.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా ఉద్యోగం రుచి చూడటం. తోతాపురి గుజ్జు చెంచాతో నాలుక మీద వేసుకుని, తీపి ఎంత, పులుపు ఎంత, కాయ తనంతట తాను మాగిందా లేక మందు వేసి మాగబెట్టారా అని చెప్పాలి. చెప్పి, ఉమ్మేయాలి. మిషన్లు ఉన్నాయి గానీ చివరి మాట నా నాలుకదే. అదే నాలుకతో మా సంఘంలో చాలా ఏళ్లుగా వాక్యం చెబుతున్నాను. పెద్దల్లో ఒకణ్ణి. తాగుడు గురించి నేను మాట్లాడితే వెనక వరుసలో మగవాళ్లు తలలు దించుకునేవాళ్లు.

అలా తల దించుకుని, తర్వాత నిటారుగా నిలబడినవాడు ప్రభుదాసు. మా ఫ్యాక్టరీ వ్యాన్ డ్రైవరు. ఒకప్పుడు బాగా తాగేవాడు. మానేశాడు. బాప్తిస్మం రోజు నీళ్లలో ఆయన చెయ్యి పట్టుకున్నది నేనే. ఆ తర్వాత చుక్క ముట్టలేదు. ఇది నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

బెంగుళూరులో బీరు సొంతంగా తయారు చేసి అమ్మే ఒక హోటలు వాళ్లు, ఆ బీరులో మా గుజ్జు కలిపి చూస్తామని నమూనాలు తెమ్మన్నారు. మధ్యాహ్నానికి చేరాం. ప్రభుదాసు ఆ వాసన తనకు వద్దని కింద వ్యాన్‌లోనే ఉండిపోయాడు. నేను పెట్టె పట్టుకుని మేడ మీదికి పోయాను.

గుజ్జు కలపకముందు అసలు రుచి మీకు తెలియాలి కదా అని వాళ్లు ఒక గ్లాసు పట్టారు. క్రీమ్ ఏల్ అనే రకం బీరు అన్నారు. నైట్రోజన్ గ్యాసు తోసి కుళాయిలోంచి పోస్తారట. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ చూస్తూ ఉండిపోయాను. ఆ గ్లాసులో బుడగలు పైకి లేవడం లేదు, అంచుల వెంట కిందికి దిగుతున్నాయి, తెల్లవారుజామున పలమనేరు ఘాటులో మంచు దిగినట్టు. కాసేపటికి అడుగు నుంచి తేనె రంగు తేలుతూ వచ్చింది. పైన వేలెడు మందాన నురగ, మీగడలాగా కదలకుండా నిలిచింది.

ఉద్యోగం కదా అనుకున్నాను. రుచి చూసి ఉమ్మేస్తే పాపమేముంది అనుకున్నాను. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం ఉమ్మలేదు. నురగ పెదవికి చల్లగా తగిలి విడిపోయింది. సోడాలాగా ముక్కులోకి కొట్టలేదు. ముందు లేత మొక్కజొన్న తీపి. చివర వేపపుల్ల నమిలి ఉమ్మేశాక మిగిలేంత చేదు. రెండో గుక్క కూడా మింగాను. గ్లాసు ఖాళీ అయ్యింది. బాగుంది. అది కూడా ఇక్కడ చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది.

ఒకమ్మాయి చీటీ తీసుకుని వచ్చింది. రంగు, వాసన, రుచి, అయిదుకు ఎన్ని మార్కులు? నేను చెబుతుంటే ఆమె రాసుకుంది. నాలుగున్నర అన్నాను. చల్లదనం ఎక్కువై వాసన మూసుకుపోయింది, అందుకే అర మార్కు తగ్గించానన్నాను. ఆ మధ్యాహ్నం నేను చెప్పిన నిజం అదొక్కటే. తర్వాత ఆమె పేరు అడిగింది.

"ప్రభుదాసు, చిత్తూరు మామిడి ఫ్యాక్టరీ" అన్నాను.

యేసును పట్టుకుపోయిన రాత్రి ఒక పనిపిల్ల అడిగితే పేతురు తన గురువును ఎరగనన్నాడు. ఆ భాగం మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో. పేతురుకు ప్రాణభయం ఉంది. నాకేముంది? పోనీ, ఏదో ఒక పేరు చెప్పాలంటే ప్రపంచంలో లక్ష పేర్లున్నాయి. ఆయన పేరే ఎందుకు? తోడు వచ్చాడు కాబట్టి నోటికి వచ్చిందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆ పేరు మీద ఈ మచ్చ అతుకుతుందని, ఎవరైనా నమ్ముతారని నా లోపల ఎక్కడో తెలుసు. నీళ్లలో ముంచి కడిగామని చెప్పిన మనిషిని నేనే నమ్మలేదన్నమాట.

ఆ చీటీ వాళ్లకు నచ్చి గోడకు అంటించారు. కొన్ని నెలలకు, బెంగుళూరులో ఉద్యోగం చేసుకునే మా సంఘపు మనిషి ఒకాయన ఆ హోటలుకు భోజనానికి పోయి, చూసి, ఫోటో తీసి మా పెద్దలకు పంపాడు. ఆదివారం ఆరాధన అయ్యాక వెనక గదిలో ప్రభుదాసును నిలబెట్టారు. మేం అయిదుగురం కుర్చీల్లో ఉన్నాం.

"మన బల్ల కాడ ద్రాక్షరసం సాల్లేదా అబ్బా, బెంగుళూరు దాకా పోయినావు? మళ్లా మార్కులు గూడా ఏసినావే!" అన్నాడు పెద్దల్లో ఒకాయన. ఇద్దరు నవ్వారు.

"నేను బండి దిగనే లేదయ్యా. ఆడ నా పేరు ఎట్ల వచ్చినాదో నాకు తెల్దు" అన్నాడు ప్రభుదాసు. నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు సెప్పు. నేను కిందనే ఉంటి గదా?"

"నేను పైన ఉంటి ప్రభుదాసూ. కింద నువ్వేం చేసినావో నేనెట్ల చెప్పేది?"

ఆయన నన్ను చూశాడు. కోపం లేదు. లెక్క తేలిన మనిషిలాగా చూసి, కళ్లు దించుకున్నాడు. పైకి పోయింది నేను కదా, నువ్వు తాగినావా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణి?

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాణ్ణి బల్లకు దూరం పెడతారు. అందరి ముందు నిలబడి తప్పయిందని ఒక్క మాట అంటే మళ్లీ చేర్చుకుంటారు. ఒక్క మాట. పెద్దలు ఎంత నచ్చజెప్పినా ప్రభుదాసు ఆ మాట అనలేదు. చెయ్యనిది చేశానంటే దేవుని ముందు అబద్ధమవుతుందన్నాడు. నా పేరు బయటపెట్టనూ లేదు. అలా మూడున్నరేళ్లు. ఒక్క ఆదివారం మానకుండా వచ్చి చివరి వరుసలో కూర్చునేవాడు. రొట్టె పళ్లెం పట్టుకుని నేను ఆ వరుసలోకి వస్తే, పక్కవాళ్లకు అందించడానికి నాకు అడ్డం కాకుండా మోకాళ్లు పక్కకు తిప్పుకునేవాడు. ఆయన భార్య కృపమ్మ, ముందు వరుసల్లో, నా భర్తకు ఒప్పుకునే మనసివ్వు తండ్రీ అని గొంతెత్తి ప్రార్థించేది. నేను ఆమేన్ అనేవాణ్ణి.

రెండేళ్ల కిందట జ్వరంతో పోయాడు. బల్లకు దూరంగానే పోయాడు. సమాధి దగ్గర ఆయన గురించి సాక్ష్యం చెప్పడానికి ఎవరూ లేవలేదు. మట్టి వేసి వస్తుంటే కృపమ్మ నన్ను ఆపింది. "అన్నా, కడదాకా ఒప్పుకోకుండానే పోయినాడే. దేవుడు ఆయన్ను చేర్చుకొని ఉంటాడా?" అని అడిగింది. దేవుడు కనికరం గలవాడమ్మా అన్నాను.

ఆమె ఇంకా చిత్తూరులోనే ఉంది. ఇప్పటికీ భర్త చేసిన పాపానికి ఉపవాసముండి ఏడుస్తోంది. దేవుడు నన్ను క్షమిస్తాడా అని నేను ఇప్పుడు అడగడం లేదు. ఆ ప్రశ్న కూడా నన్ను గురించినదే. ఆమెకు ఆమె భర్తను తిరిగి ఇవ్వాల్సింది నేను. ఈ కాగితం ఆమెకే చదివి వినిపించాలి. ఇప్పటికి రెండుసార్లు ఆమె వీధి మొదటి దాకా పోయి తిరిగి వచ్చాను.

వినిపించగలనో లేదో. మాట మాత్రం ఇది. ప్రభుదాసు తాగలేదు. అబద్ధమూ ఆడలేదు. రెండూ చేసింది నేను. ఆరేళ్లలో ఈ మాటలు నాలోంచి బయటికి రావడం ఇదే మొదటిసారి.  రాసినదాన్ని కొట్టేయడం లేదు.