భీమయ్య లారీకి పడిన బీట

కల్వకుర్తిలో పాత లారీల ఇంజన్లు విప్పే యేసుబాబుకు ఒక వింత అలవాటుంది. ఇనుములో కంటికి కనపడని బీట ఉందో లేదో తన నోటితో చెప్పడు. డీజిల్ పూసి, కాసేపాగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి డబ్బా లారీ ఓనరు చేతిలో పెడతాడు. బీట ఉంటే అందులో దాగిన డీజిల్ పొడిలోకి ఊరి నల్లగీతగా బయటపడుతుంది. చూసుకోవలసింది ఓనరే.

చెబితే ముత్యాలు రాలతాయా అని నాకు ఒళ్లుమంట. పక్కనే నా పంచరు కొట్టు. ఆరేళ్లుగా అడుగుతున్నాను, నవ్వేసి పానా అందుకుంటాడు. సొంతూరు బల్మూర్ అనీ, వలసపోయి పుణెలో లారీ క్లీనరుగా చేశాడనీ మాత్రం రాబట్టాను.

మొన్న మేలో లింగాల ఊరి భీమయ్య లారీ వచ్చింది. ఆ ఇల్లు గడిచేది దానిమీదే. రేడియేటరులో ఎన్ని నీళ్లు పోసినా తాగేస్తోంది. పైనుండే సిలిండర్ హెడ్ పగిలితే ఇంకోటి తెచ్చి బిగించొచ్చు. కింది బ్లాకు పగిలితే, అంత పాత బండికి మరోటి దొరకదు, తుక్కుకే పోవాలి. ఇంజను మసులుతుంటే చల్లనీళ్లు పోశావా అని యేసుబాబు అడిగాడు. కాగిన ఇనుము మీద చల్లనీళ్లు పడితే వేడి గాజుగ్లాసులాగే పగులుతుంది. పోయలేదన్నాడు భీమయ్య, నావైపు చూస్తూ.

హెడ్ మీద పొడి తెల్లగానే ఉంది. ఇక భీమయ్య బ్లాకు మీద చల్లాడు. రెండు సిలిండర్ల నడుమ వెంట్రుకంత గీత కనపడింది. గీసుకుపోయిందేమోనని తుడిచి మళ్లీ చల్లాడు. మళ్లీ అక్కడే. మూడోసారి చల్లబోయి డబ్బా కింద పెట్టేశాడు.

“నేనే పోసిన,” అన్నాడు. “కాలువ నీళ్లు. కిరాయికి ఆలస్యమైతదని జర గూడ ఆగలే. రుక్కమ్మకు ఎట్ల చెప్పాలె?”

కట్టుకున్నదాని పేరెత్తగానే ఆయన నేలమీద కూలబడ్డాడు. నాకు జాలేసింది. యేసుబాబు కూడా ఆయన పక్కనే చతికిలబడ్డాడు.

“పుణెల నేను గూడ గిట్లనే పోసిన, మామా. డ్రైవర్ పోసిండని చెప్పిన. నా ఒక్క మాటకు ఆయన నౌకరి పోయింది. ఇరవై ఏండ్లాయె, ఎవ్వరికి చెప్పలే.”

భీమయ్య తలెత్తి చూశాడు. ఆరేళ్లుగా నేనడిగినదానికి జవాబు ఇదన్నమాట.

“లే, నేను గూడ వస్త. నీవే చెప్పు. నేను పక్కన కూసుంట.”

పట్టపగలే షట్టర్ దించి ఇద్దరూ లింగాల బస్సెక్కారు.