ముందు వాచ్‌మన్‌కు చెప్పండి

మేడం పోయారని ఆవిడ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను రేడియో కేంద్రం గేటు దగ్గర కుక్కను తరుముతున్నాను. "అక్క తెల్లవారుజామున పోయిందయ్యా, నీకు చెప్పమంది" అన్నారామె. పోయిన మనిషి ఎలా చెప్పమంటుందని అడగబోయి ఆగాను. ముందే చెప్పి పెట్టుంటారు. మేడం పద్ధతే అంత.

మీలో రేడియో వినేవాళ్ళకు ఆవిడ గొంతు తెలిసే ఉంటుంది. మా అడవి అంచున ఉన్న ఈ చిన్న కేంద్రంలో వారానికోసారి ఎవరో ఒక నిపుణుణ్ణి కూర్చోబెట్టి ఆవిడే ప్రశ్నలడిగి మాట్లాడించేవారు. దోమల డాక్టరు, బోరునీళ్ళు పరీక్షించే ఆయన, సెల్‌టవర్ల ఇంజినీరు, ఫోన్లో జరిగే మోసాల గురించి చెప్పే పోలీసాయన, ఇలా. మీకు తెలియనిదేమిటంటే, వాళ్ళెవరూ నేరుగా స్టూడియోలోకి వెళ్ళలేదు. ముందు నా గేటు గదిలో బెంచీ మీద కూర్చునేవారు.

"ముందు మా వాచ్‌మన్‌కు చెప్పండి సార్. ఇతనికి అర్థమైతే జిల్లా అంతా అర్థమైనట్టే" అనేవారు మేడం. అది పొగడ్తో తిట్టో ఇరవై ఏళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

నేను పదో తరగతి దాకా ములకలపల్లి దగ్గర మా ఊళ్ళో చదివాను. అదే నా అర్హత. ఒక ప్రొఫెసర్ ఉపగ్రహం గురించి చెబుతుంటే, "మరి అది కింద పడదా సార్?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పేలోపు టీ చల్లారిపోయింది. మేడం పక్కన నిలబడి నా ప్రశ్నను పాత శుభలేఖ వెనక రాసుకున్నారు. ఆవిడ ప్రశ్నలన్నీ శుభలేఖల వెనకే. లోపల మైకు ముందు దాన్నే తన ప్రశ్నలా అడిగారు. ఇంటికెళ్ళి మా ఆవిడకు అది నా ప్రశ్నేనని చెబితే నమ్మలేదు.

"తెలియదని చెప్పడమే నీ డ్యూటీ. తెలిసినట్టు తల ఊపావో, గేటుకు తాళం వేసుకోవచ్చు" అనేవారు.

ఒకసారి ఊపాను.

మిర్చి కల్లాల మీద ఎండుతున్న రోజులు. హైదరాబాద్ నుంచి వాతావరణ శాస్త్రవేత్త వచ్చారు. రేపు మన దగ్గర వాన పడే అవకాశం నలభై శాతం అన్నారు. మధ్యాహ్నం దాటింది, నా సద్దిగిన్నె మూత కూడా తీయలేదు. "అర్థమైందా?" అన్నారు మేడం. "అయింది మేడం" అన్నాను. కార్యక్రమం రికార్డయింది, సాయంత్రం ప్రసారమైంది.

రాత్రి అన్నం తింటుంటే బావ ఫోన్ చేశాడు. మా అక్క భర్త. కౌలు చేలో పండించిన మిర్చి మొత్తం ఆయన కల్లంలోనే ఉంది.

"బామ్మర్దీ, మీ రేడియోల నలభై శాతం వాన అన్నరు, ఏంది? టార్పాలిన్లు కిరాయికి తేవాల్నా?"

"నలభై అంటే సగం గూడ కాదు గద బావా. జర తుంపర పడ్తది. గంత భయమెందుకు?"

మర్నాడు కురిసింది తుంపర కాదు. అక్కా బావా దుప్పట్లు, చీరలు, యూరియా సంచులు, దొరికినవన్నీ కప్పారు. మూడొంతుల కాయ తెల్లబారి, ధర పలకని తాలుగా మారింది. నెల రోజులు అక్క నాతో మాట్లాడలేదు.

మేడంకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"ఆ దినం నాకు సమజ్ కాలే మేడం."

"మరి తల ఎందుకు ఊపావయ్యా?"

"ఆకలైతుండె. మళ్ళ, ఆయన అంత పెద్దాయన, రెండోసారి అడగాల్నంటే సిగ్గయింది."

తాళం చెవులు అడుగుతారేమో అనుకున్నాను. ఆవిడ శాస్త్రవేత్తకు ఫోన్ కలిపి మళ్ళీ రమ్మన్నారు. ఫోన్ పెట్టేసి, "ఈసారి నేను అడగను. నువ్వే అడుగు, మైకులో" అన్నారు.

స్టూడియోలోకి ఊడవడానికి తప్ప ఎప్పుడూ వెళ్ళలేదు. "సార్, మొన్న మీరు చెప్పింది నాకు అర్థం కాలే. అయిందని అబద్ధం చెప్పిన. మా బావ మిర్చి తడిసింది" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇలాంటి రోజులు పది వస్తే నాలుగింటిలో వాన పడుతుందని అర్థం. పడితే చినుకా, కుండపోతా అన్నది ఆ అంకె చెప్పదు. అది నేనే చెప్పి ఉండాల్సింది" అన్నారు.

"అయితే రైతు కప్పాలా, వద్దా? ఒక్క మాటలో చెప్పండి" అన్నారు మేడం.

"కప్పాలి."

ఆ సాయంత్రం అది ప్రసారం కాగానే బావ మళ్ళీ ఫోన్ చేశాడు. "గీ ముచ్చట మొన్ననే అడిగితే నీ నోట్లె ముత్యాలు రాలుతుండెనారా?" పినపాక నుంచి ఒక బడిపంతులు కూడా చేశారు, తానూ నాలాగే అనుకున్నానని. ఆయన లెక్కల పంతులు. నాకు కాస్త ఊరట.

మేడం రిటైరై ఖమ్మంలో చెల్లెలి ఇంట్లో ఉన్నారు. నాలుగు నెలల కిందట కబురు పెట్టారు, దవాఖానకు తోడు రమ్మని. డాక్టరు రిపోర్టులు చూసి ఇంగ్లిషులో గబగబా చెప్పుకుపోతున్నారు.

"ఆగండి డాక్టరు గారూ. ముందు ఇతనికి చెప్పండి."

"ఈయన మీకేమవుతారు?"

"మా రేడియో వాచ్‌మన్."

డాక్టరు నన్ను కిందా మీదా చూశారు. నేను అడిగాను. చెప్పారు. మళ్ళీ అడిగాను. కాగితం మీద బొమ్మ గీశారు. నాలుగోసారికి తెలిసింది: మందు నొప్పిని తగ్గిస్తుంది, జబ్బును కాదు.

"అర్థమైందా?" అన్నారు మేడం.

"అయింది మేడం."

"ఆకలేసి అనడం లేదుగా?"

"లేదు మేడం."

"సరే, పద."

బయట ఆటో ఎక్కాం. డ్రైవర్ రేడియో పెట్టుకున్నాడు. ఎవరో నిపుణుడు కంప్యూటర్లు మనిషిలా ఆలోచించడం గురించి మాట్లాడుతున్నాడు. యాంకరమ్మాయి ప్రతి మాటకూ "అవునవును, చాలా బాగా చెప్పారు" అంటోంది.

"అవునవును ఏంటమ్మా? అడుగు!" అన్నారు మేడం.

"ఆమెకు ఇనబడదమ్మా" అన్నాడు డ్రైవర్.

"తెలుసు బాబూ. నువ్వు కాస్త సౌండు పెంచు."

మార్కెట్ దగ్గర పత్తి లారీల మధ్య ఆటో ఆగిపోయింది. మేడం ఒళ్ళో దవాఖాన ఫైలు. ఒక చేత్తో డ్రైవర్ సీటు వెనక ఇనుప కమ్మీ పట్టుకుని, స్పీకర్ దాకా ముందుకు వంగి, రెండో చేతి వేలు పైకెత్తి ఉంచారు. ఆ నిపుణుడు ఊపిరి తీసుకోవడానికి ఎప్పుడు ఆగుతాడా అని చూస్తూ.