ఐబన్ ఆంటీ వాళ్ళ రాతిగూడు

మా చిన్నప్పుడు... జెర్సీ సిటీలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతమంటే పురోహితుడు క్యాసెట్‌లో ఉండేవాడు. గోత్రం చెప్పాల్సిన చోటు రాగానే నాన్న పాజ్ నొక్కి, వచ్చినవాళ్ళని వరసగా అడిగేవారు. అందరూ చెప్పాక మళ్ళీ ప్లే...

ఆ ఏడు మా పై వాటాలోకి కొత్తగా దిగిన ఐబన్ ఆంటీని కూడా అమ్మ పిలిచింది. ఆంటీ హాస్పిటల్‌లో నర్సు. మేఘాలయ నుంచి వచ్చింది, ఖాసీ వాళ్ళు. నాన్న మర్యాదకి ఆమెనీ గోత్రం అడిగారు. ఆమె ఏదో పేరు చెప్పింది.

"అది మీ నాన్నగారి వైపుదేనా అమ్మా?"

"కాదు, అమ్మది. మాకు వంశం అమ్మ నుంచే. పెళ్ళయ్యాక నాన్నే అమ్మ వాళ్ళింటికి వస్తాడు. ఇల్లు ఆఖరి కూతురిది."

"అయితే రాష్ట్రమంతా ఇల్లరికమేనన్నమాట!" అంది అమ్మ. "ఏమండీ, విన్నారా? నేనూ ఆఖరిదాన్నే. మా నాన్న నాకిచ్చింది ఒక ఇత్తడి బిందె."

"మోసుకొచ్చింది నేనే కదా" అన్నారు నాన్న.

క్యాసెట్ పాజ్‌లోనే ఉండిపోయింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆంటీయే.

తర్వాత డ్యూటీ లేని ఆదివారాలు కిందికి వచ్చేది. ఓక్ ట్రీ రోడ్డులో అప్పటికి మనవాళ్ళ కొట్లు ఇన్ని లేవు... తమలపాకు దొరకడమే గొప్ప. అమ్మ దాచుకున్న వక్కలు ఇద్దరూ పంచుకుని నమిలేవారు. వాళ్ళ కొండల్లో ఖాసీలు, జైంతియాలు, గారోలు ఉంటారని, చాలామంది క్రైస్తవంలో చేరారని, కొందరు ఇంకా పాత మతంలోనే ఉన్నారని నేను విన్నది అప్పుడే.

"మా ఇంట్లోనే చూడక్కా. పెద్దక్క ప్రెస్బిటేరియన్. రెండో అక్క క్యాథలిక్. అమ్మా, నేనూ, చెల్లీ పాత ఖాసీ మతం. మాకు గుడి లేదు, విగ్రహం లేదు. ఆదివారం అక్కలిద్దరూ చెరో చర్చికి వెళ్ళొస్తారు, అమ్మ అందరికీ అన్నం పెడుతుంది."

"మరి కొట్టుకోరా?"

"ఎందుకు కొట్టుకోరు? కూర దగ్గర కొట్టుకుంటారు."

ఒక ఆదివారం పొద్దున ఆంటీ నర్సు యూనిఫాంలోనే వచ్చి కుర్చీలో కూర్చుంది. "అమ్మ పోయిందట" అంది. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది. మా అమ్మ కాఫీ ఇచ్చింది. ఆంటీ మొత్తం తాగింది.

"దహనం మా మేనమామ చేయించాడు. ఎముకలు తీసి ఉంచారు. వాటిని మా వంశం రాతిగూటిలో పెట్టాలి. అమ్మమ్మ, వాళ్ళమ్మ, అందరూ అందులోనే ఉన్నారు. ఆఖరి కూతురు దగ్గరుండి జరిపించాలి. చెల్లి పోయిన క్రిస్మస్‌కి చర్చిలో చేరింది... చేరాక ఇక ఆ పూజలు దానివి కావు. దాని పైదాన్ని నేను. నా మీదికి వచ్చాయి."

"వెళ్ళి జరిపించి వచ్చెయ్యి" అంది అమ్మ.

"ఆ పని చేపట్టినవాళ్ళు ఆ ఇంట్లోనే ఉండాలక్కా."

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ దాకా ఆగమ్మా. ఇప్పుడు వెళ్ళిపోతే మళ్ళీ మొదటికి వస్తావు. నాలుగు నెలలు ఎముకలు ఆగవా?"

"ఆగుతాయి. కార్డ్ వచ్చాక నేనే కదలను, నా సంగతి నాకు తెలుసు. నేనూ వెళ్ళకపోతే అమ్మ ఒక్కతే బయట ఉండిపోతుంది."

నాన్న మళ్ళీ పేపరు విప్పారు.

ఆంటీ వెళ్ళిన రోజు నేను స్కూల్‌కి వెళ్ళాను. స్పెల్లింగ్ టెస్ట్ రాశాను, ఒక్కటీ తప్పు పోలేదు. తిరిగొచ్చేసరికి పై వాటా తలుపు బార్లా తీసి ఉంది. ఎవరో గోడలకి తెల్లరంగు వేస్తున్నారు. కాసేపు చూసి, కిందికి వచ్చి పాలు తాగాను. ఏడుపు రాలేదు... ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు ఆంటీ దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. వాళ్ళమ్మని రాతిగూటి లోపలికి చేర్చానని రాసింది. ఆ తర్వాత మేమూ ఇల్లు మారాం.

ఇప్పుడు కమ్మింగ్ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నాన్న పోయినప్పుడు తమ్ముడు అస్థికలు తీసుకెళ్ళి గోదావరిలో కలిపాడు. అమ్మ పోయినప్పుడు ఎవరికీ సెలవు దొరకలేదు. న్యూజెర్సీ తీరంలో సముద్రంలో కలిపాం. శాస్త్రం ఒప్పుకుంటుందనే అన్నారు.

మొన్న మనవరాలు అడిగింది... "అమ్మమ్మా, సో దే ఆర్ నాట్ టుగెదర్?"

"లేరు" అన్నాను. వెళ్ళి హోంవర్క్ చేసుకోమన్నాను.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని ఎక్కడెక్కడ కలిపారో కింద రాయండి... పిల్లలు అడిగితే మీరేం చెప్పారో, అది కూడా.