సూర్యాపేట దవాఖానలో మింగేసిన మాట

ఒక మాట నా నోటిదాకా వచ్చింది. నేను దాన్ని చెప్పలేదు. ఇరవై మూడేళ్లయింది. ఆ రోజు చెప్పి ఉంటే రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు. చెప్పనందుకు ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. మాది చిలుకూరు దగ్గర ఒక పల్లె అని, మాకు మోటబావి కింద కొంత వరి పొలం ఉండేదని, మా నాయన మాటను ఇంట్లో ఎవరూ దాటేవారు కాదని తెలిస్తే చాలు. ఊళ్లో నాకు మంచి పేరే ఉంది. తగవులు తీర్చడానికి పిలుస్తారు. ఉన్నమాట చెబుతాడని పిలుస్తారు. కండువా వేసుకుని వెళ్తాను. వెళ్లి కూర్చున్న ప్రతిసారీ, ఎదుట నిలబడి అబద్ధం చెబుతున్నవాడి ముఖం చూడగానే నాకు తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందని వాళ్లు ఆశ్చర్యపోతారు. ఎలా తెలియకుండా ఉంటుంది?

మా బావి దగ్గర మోట కొట్టేవాడి పేరు సైదులు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. అయినా నేను పేరు పెట్టి పిలిచేవాణ్ణి, అతను నన్ను పటేలా అనేవాడు. అప్పటి రివాజు అది. ఇప్పటి పిల్లలకు మోట తెలియదు కాబట్టి కాస్త చెప్పాలి. బావి ఒడ్డున గిలక, గిలక మీదుగా లావుపాటి మోకు, మోకుకు ఒక చివర నీళ్ల బొక్కెన, రెండో చివర ఎడ్ల కాడి. ఎడ్లు ఏటవాలు బాటలో కిందికి దిగుతుంటే బొక్కెన పైకి వస్తుంది. ఎడ్లకు బరువు కలవాలని మోట కొట్టేవాడు మోకు మీద ఎక్కి కూర్చుంటాడు. నీళ్లు కాలవలో పడ్డాక దిగి, ఎడ్లతో పాటు తనూ వెనక్కి వెనక్కి నడుస్తూ మళ్లీ ఒడ్డుకు వస్తాడు. పొద్దుటి నుంచి పన్నెండు గంటల దాకా అదే పని. సైదులు మోకు మీద కూర్చుని పాట ఎత్తుకుంటే పక్క బావుల వాళ్లు తమ పాట ఆపేసి వినేవారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని విన్నాం గానీ మా దిక్కున ఇంకా నిజాం రాజ్యమే. నిజాంను దించడానికి మిలిట్రీ వచ్చింది ఆ మరుసటేడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు.

మోకు నడుమ పీచు లేస్తోందని సైదులు నాకు రెండుసార్లు చెప్పాడు. "పటేలా, మోకు సచ్చిపోయింది. కోదాడ పోయినప్పుడు జర యాదిపెట్టుకొని కొత్తది తే" అన్నాడు. అంగడి రోజు కోదాడ వెళ్లాను. దోస్తులు కలిశారు, పేకాటలో కూర్చున్నాను. మోకు గుర్తొచ్చేసరికి అంగడి ఎత్తేశారు. ఇంటికి వచ్చి నాయనతో పాతదే గట్టిగా ఉంది, ఈ పంటకారు దాటుతుంది అన్నాను. పీచు లేచిన చోట నార తీసుకుని నాలుగు చుట్లు చుట్టాను. పైకి బాగానే కనిపించింది.

మూడో రోజు తెగింది. సైదులు పాట మధ్యలో ఉన్నాడు. ఎడ్లు ముందుకు తూలి మోకాళ్ల మీద పడ్డాయి. అతను వెల్లకిలా పడి ఒడ్డు రాతికి తల కొట్టుకున్నాడు. నెత్తురు పెద్దగా రాలేదు. వచ్చి ఉంటే అందరూ భయపడేవారు. కాసేపు ఒంటి మీద తెలివి లేకుండా ఉండి, లేచి కూర్చుని, "ఎడ్లేవి?" అన్నాడు. అవిగో అన్నాం. మళ్లీ "ఎడ్లేవి?" అన్నాడు. పదిసార్లు అడిగి ఉంటాడు. సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. మర్నాడు నాయన నన్ను పిలిచి, "నీకు తురకం వొస్తది గద. సూర్యాపేట దవాఖానకు తీస్కపో" అన్నాడు. నేను సూర్యాపేటలో ఉర్దూ చదువు చదువుకున్నాను. ఆ చదువు నేను వాడుకున్న తీరు ఇది.

సైదులును, అతని భార్య లచ్చమ్మను తీసుకుని బస్సులో వెళ్లాను. డాక్టరు పెద్దాయన. తొందర లేని మనిషి. కళ్లలోకి చూశాడు, నిలబెట్టి నడిపించాడు, వెనక్కి నడవమన్నాడు. సైదులు తూలాడు. అప్పుడు నా వైపు తిరిగి ఉర్దూలో నిదానంగా చెప్పాడు. పైన గాయం లేదు గానీ తల లోపల మెదడు అదిరింది. కొన్ని నెలలు తలనొప్పి ఉంటుంది. వెలుతురు పడదు, చప్పుడు పడదు. తల తిరుగుతుంది, మాట మరిచిపోతాడు, ఊరికే కోపం వస్తుంది. ఎండలో పని వద్దు. చీకటిగా ఉన్నచోట పడుకోనివ్వండి. ఓపిక పడితే మెల్లగా తగ్గుతుంది. మేము లేస్తుంటే లచ్చమ్మను చూపించి ఇంకో మాట అన్నాడు: "ఇస్ కో పాగల్ మత్ సమఝ్నా. ఘర్ వాలోఁ కో బోల్ దో." ఇతన్ని పిచ్చివాడు అనుకోవద్దు, ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పు అని.

బయటికి వచ్చాం. లచ్చమ్మ నా చొక్కా కొస పట్టుకునేంత దగ్గరగా వచ్చి నిలబడింది.

"ఏమన్నడు పటేలా?"

ఆ రెండు క్షణాల్లో నాలో ఏం జరిగిందో ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నానో. నెలల తరబడి పడుకోవాలంటే నాయన ఎందుకంటాడు. అంత దెబ్బ ఎట్లా తగిలిందంటాడు. మోకు తెప్పించి చూస్తాడు. నేను చుట్టిన నార చూస్తాడు. వరి పొట్ట మీద ఉంది, మోట ఆగితే ఎండుతుంది, ఆ పాపమూ నాదే అంటాడు. ఇదంతా అప్పుడు నేను ఇంత వరసగా ఆలోచించానా? లేదు. నాయన ముఖం ఒక్కటే కనిపించింది.

"ఏం లేదు. నాలుగు దినాలల్ల తగ్గుతదంటుండు. గోలీలిచ్చిండు."

"మల్ల పాగల్ అన్నట్టు ఇనవడ్డది గదా?"

"అది నీకు సమజ్ గాదు లే. ఆయన మాట తీరే గంత."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. వెళ్లి సైదులు పక్కన నిలబడింది. నమ్మింది అనుకున్నాను. సైదులు తువ్వాలుతో కళ్లు కప్పుకుని, "ఇగ నడువుండ్రి, ఎండ కండ్లల్ల పొడుస్తుంది" అన్నాడు.

ఐదో రోజు అతను మళ్లీ మోట ఎక్కాడు. కొత్త మోకు నేనే తెచ్చాను. తెగినదాన్ని పెంటలో పూడ్చాను. వెనక్కి నడిచేటప్పుడు ఎద్దు మూపురం పట్టుకుని నిలదొక్కుకునేవాడు. గిలక కిర్రుమంటే రెండు చేతులతో చెవులు మూసుకునేవాడు. పాట సగంలో ఆగిపోయేది. "ఏందిరో సైదులు, పాట ఎడ్లు మేసినయా?" అని పక్క బావి వాళ్లు అరిస్తే మొదట్లో తనూ నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. తర్వాత రాయి తీసుకునేవాడు. ఒకరోజు సద్ది తెచ్చిన లచ్చమ్మ గిన్నె జారవిడిస్తే ఆ చప్పుడుకు చేతిలోని చెర్నాకోల ఆమె మీదికి విసిరాడు. కనుబొమ్మ చిట్లింది. విసిరిన చేతిని చూసుకుంటూ అక్కడే కూలబడి ఏడ్చాడు. పెళ్లయిన రెండేళ్లలో ఆమె మీద చేయి ఎత్తి ఎరగడు.

కోతల నాటికి ఊళ్లో ఆ పేరు స్థిరపడింది. పిచ్చి సైదులు. ఎవరో నాటువైద్యుణ్ణి పిలిపించారు. అతను సైదులుకు గుండు గీయించి, నిమ్మచెక్కలు రుద్ది, నడి ఎండలో కూర్చోబెట్టాడు. పదకొండు రోజులు. నేనూ చూసేవాళ్లలో నిలబడ్డాను. సైదులు తల రెండు చేతులతో పట్టుకుని నా వైపు చూసి, "పటేలా, నువ్వన్న చెప్పు వీళ్లకు. ఎండ వొద్దని చెప్పు" అన్నాడు.

అందరిలో నన్నే ఎందుకు అడిగాడు? చదువుకున్నవాణ్ణి కదా, తెలుస్తుందని అడిగాడు. నాకు తెలుసు కూడా.

"ఓర్సుకో సైదులు. నీ మంచికే" అన్నాను.

దవాఖానలో చేసింది భయంతో చేశానని ఎప్పుడైనా సర్ది చెప్పుకుంటాను. ఈ మాటకు మాత్రం ఇప్పటికీ నా దగ్గర పేరు లేదు.

మిలిట్రీ వచ్చిన ఏడు వాళ్లిద్దరూ మిర్యాలగూడకు, లచ్చమ్మ అన్న దగ్గరికి వెళ్లిపోయారు. మోటకు ఇంకొకణ్ణి పెట్టాం. కొన్నేళ్లకు నాయన పోయాడు. ఇక భయపడడానికి ఎవరూ లేరు. అప్పుడైనా వెళ్లి చెప్పవచ్చు కదా? వెళ్లలేదు. అప్పటికి అడ్డం వచ్చింది భయం కాదు, ఉన్నమాట చెబుతాడన్న పేరు.

పోయిన వానాకాలం కోదాడలో సైకిల్ మీది నుంచి పడ్డాను. తలకు దెబ్బ. డాక్టరు చూసి, లోపల అదిరింది, రెండు మూడు నెలలు ఇబ్బంది పెడుతుంది, భయపడవద్దు అన్నాడు. నిజంగానే ఇబ్బంది పెట్టింది. కిటికీ తెరిస్తే కళ్లలో మేకులు దిగినట్టుండేది. మనవరాలి పేరు నోటికి రాక గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా భార్య చెంబు పడేస్తే చేతిలో ఉన్న గ్లాసు విసిరాను. ఆమె పిల్లలను బయటికి పంపుతూ, "తాతకు తల దెబ్బ తాకింది. చప్పుడు చేయకుండ్రి" అంది. అంతే. ఎవరూ నాటువైద్యుణ్ణి పిలవలేదు. ఎవరూ నన్ను ఎండలో కూర్చోబెట్టలేదు. నొప్పి ఎంత పెద్దదైనా, దాని పేరు నాకు తెలుసు, అది ఒకనాటికి పోతుందని తెలుసు. ఆ తెలియడమే నాకు సగం మందు. ఆ సగం మందు సైదులుకు ఇవ్వమని ఒక మనిషి నా చేతిలో పెడితే, నేను దారిలో పారేశాను.

తల నిలబడ్డాక మిర్యాలగూడ వెళ్లాను. వడ్లమిల్లు వెనక ఒక గుడిసె. సైదులు నీడలో, గోడ వైపు ముఖం పెట్టి, దబ్బనంతో చినిగిన గోనె సంచులు కుడుతున్నాడు. తల పూర్తిగా నెరిసింది. నా గొంతు విని, తిరగకుండానే, "పటేలా?" అన్నాడు.

లచ్చమ్మ ఒక సంచి దులిపి పరిచింది. నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది.

"నీ మేలు మరువం పటేలా. ఊరందరు పిచ్చోడు అన్నరు, నువ్వొక్కనివి అనలే. ఆ డాక్టరు పాగల్ అనంగ నేనిన్న. నువ్వు మా పాణం నొవ్వొద్దని దాసినవ్. నీ మొకం సూస్తనే తెల్సింది నాకు."

నీళ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టాను.

"దాసినా, మాకెరికైంది గద. గందుకే పిల్లలు వద్దనుకున్నం. పిచ్చి నెత్తురుల ఉంటదంట, పిల్లలకు దిగుతదంట. నేను గీ గోడకు, ఆయన గా గోడకు పండుకున్నం. గట్లనే ఎల్లిపోయింది" అంది. ఫిర్యాదులా కాదు. వచ్చిన చుట్టానికి ఇంటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

నేను అన్నీ చెప్పాను. పేకాట, నార, నాయన భయం. డాక్టరు అన్న మాటను ఆయన అన్నట్టే ఉర్దూలో చెప్పాను. సైదులు చేతిలో దబ్బనం ఆగింది.

"మత్ సమఝ్నా అంటే?"

"అనుకోవద్దు అని."

"పిచ్చోడు అనుకోవద్దు అన్నడా?"

"అన్నడు."

"నన్ను సూసే అన్నడా?"

"నిన్ను సూసే అన్నడు."

లచ్చమ్మ లేచి గుడిసెలోకి వెళ్లింది. సైదులు సంచి వైపే చూస్తూ, "నాకు అప్పుడప్పుడు అనిపిస్తుండె, పిచ్చి గాదేమోనని. పిచ్చోనికి తన పిచ్చి ఎట్ల తెలుస్తదని మల్ల ఊకుంటుంటి" అన్నాడు.

చెప్పేశాక నా ఛాతీలో ఏదో సడలింది. నిజం దాచడానికి ఇది రాయడం లేదు కాబట్టి అదీ రాస్తున్నాను. ఆ సడలింపు నాకు దక్కవలసింది కాదు. వాళ్ల ఇంట్లో అప్పుడే అంత బరువు దించి, నేను తేలికపడ్డాను.

పరిచిన సంచి మీది నుంచి లేచి, అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక అతన్ని అన్నా అని పిలవడం అదే మొదలు.

"అన్నా, తప్పు చేసిన. తెలిసి చేసిన. నీకు పిచ్చి లేకుండె. ఎన్నడు లేకుండె."

అతను ఆగిన కుట్టు మళ్లీ మొదలుపెట్టాడు. లోపలున్న లచ్చమ్మకు కూడా వినిపించాలని, ఆ మాటే ఇంకోసారి గట్టిగా చెప్పాను.