మూలగది స్విచ్

ఆ హాస్టల్లోని అమ్మాయిలకు ఆవిడ పెద్దమ్మ. చాటున మాత్రం సీఐడీ. భర్త పోయాక ఇంటిని ఆడపిల్లల హాస్టల్‌గా మార్చి, పైన తాను ఉంటూ కింది గదులు వాళ్లకిచ్చింది. మెతకగా ఉంటే నెత్తికెక్కుతారని ఆవిడ నమ్మకం. పాలగిన్నె మూత తీసి మీగడ చూస్తుంది. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారో తెలిసేదాకా ఆవిడకు అన్నం సయించదు. చెడ్డమనిషి కాదు పాపం. ఎవరికైనా జ్వరమొస్తే పక్కనే కూర్చుని గంజి తాగిస్తుంది. కాకపోతే ఆ జ్వరం నిజమో కాదో ముందు తేల్చుకుంటుంది.

ఈమధ్య పొద్దున్నే కరెంటు పోవడం మొదలైంది. మెయిన్ బోర్డులో ట్రిప్ స్విచ్ టప్పున పడిపోతుంది. పైకి నెడితే మళ్లీ పడుతుంది. మూలగది స్విచ్ ఆపేస్తే మాత్రం మిగతా ఇల్లంతా వెలుగుతుంది. అంటే దొంగ మూలగదిలోనే ఉందన్నమాట. అక్కడుండేది కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి. నోరు విప్పదు, తల ఎత్తదు. పెద్దమ్మ ఆమెకు నంగనాచి అని ఎప్పుడో పేరు పెట్టేసింది.

"చాటుగా హీటరు పెడుతోంది. నాకు తెలీదూ," అంటూ ఆ పిల్ల పెట్టె తెరిపించింది. ఏమీ లేదు. మర్నాడు మళ్లీ తెరిపించింది, పరుపు ఎత్తించింది. అప్పుడూ లేదు. దొరక్కపోయేసరికి అనుమానం మరింత ముదిరింది. ఇంత బాగా దాచిందంటే ఎంత ఆరితేరి ఉండాలి?

చివరికి ఒకరోజు స్నానం కూడా మానుకుని, పొద్దున్నే వెళ్లి ఆ గదిలో కుర్చీ వేసుకు కూర్చుంది. ఆ రోజు కరెంటు పోలేదు.

"చూశావా? నేను కాపలా ఉంటే పోలేదు," అంది లేస్తూ. "ఆదివారానికి గది ఖాళీ చెయ్యి."

"ఎక్కడికెళ్లను పెద్దమ్మా? ఈ ఊళ్లో నాకెవరూ తెలీదు. ఉద్యోగం కూడా పోతుంది."

అన్ని మాటలు ఒక్కసారిగా ఆమె నోట రావడం అదే మొదలు. పెద్దమ్మ మనసు కాస్త చివుక్కుమంది. అయినా ఇదీ నటనేనని సర్దిచెప్పుకుంది.

శనివారం మళ్లీ స్విచ్ పడింది. అమ్మాయి పనికి వెళ్లగానే పెద్దమ్మ ఎలక్ట్రీషియన్ని పిలిపించింది, హీటరు పెట్టినట్టు రుజువు చూపించమని. అతను మూలగదిలో మంచం పక్కనున్న ప్లగ్గు బోర్డు విప్పాడు. లోపల్నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారాయి.

"పైనేముందక్కా?"

"నా బాత్రూము."

"కరెంటు షవరా?"

"అవును, నీళ్లు అందులోనే వేడెక్కుతాయి. అయితే?"

అతను పైకెళ్లి షవరు పెట్టె మూత తీశాడు. లోపల గొట్టం అతుకు వదులైంది. షవరు తిప్పినప్పుడల్లా అక్కడ కారిన నీళ్లు, గోడలోని వైర్ల పైపు వెంట కింది బోర్డులోకి దిగుతున్నాయి. దిగడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపట్లో పెద్దమ్మ చీర కట్టుకుని, జుట్టు ముడేసుకుని, దొంగను పట్టుకోవడానికి కిందికొస్తుంది. మధ్యాహ్నానికి తడి ఆరిపోతుంది.

"నువ్వూ ఆ పిల్లా ఒకటయ్యారా?" అంది పెద్దమ్మ.

"ఆ పిల్లెవరో కూడా నాకు తెలీదక్కా. మీరే చూసుకోండి."

అతను కింది బోర్డు తడి లేకుండా తుడిచి బిగించి, మూలగది స్విచ్‌తో సహా మెయిన్ వేశాడు. షవరు కరెంటు ఆపి, ఉత్త నీళ్లు వదలమన్నాడు. పెద్దమ్మ తన చేత్తోనే తిప్పి, కిందికొచ్చి, నడుమ్మీద చెయ్యేసుకుని మెయిన్ బోర్డు ముందు నిలబడింది. ఏమీ కాలేదు. ఆవిడ మొహంలో గెలుపు కనపడుతుండగా స్విచ్ టప్పున పడింది.

"ఇది పడబట్టి సరిపోయింది," అన్నాడతను. "లేకపోతే ఆ తడిగోడ పక్కన పడుకునే మనిషి ఏమయ్యేది?"

పెద్దమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది. తాను స్నానం మానేసిన రోజు గుర్తొచ్చింది.

సాయంత్రం వెళ్లి మూలగది తలుపు తట్టింది. ఏమనాలో మెట్లు దిగుతూనే మనసులో కూర్చుకుంది. తలుపు తెరుచుకుంది. గోడ పక్కన, రేపటికోసం సర్ది బిగించిన పెట్టె ఉంది.

ఆవిడ నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి వెళ్లి పెట్టె తెరిచింది. మడతపెట్టిన బట్టలన్నీ తీసి మంచం మీద పరిచింది. పరుపు కూడా ఒక పక్కకు ఎత్తి పట్టుకుంది.

"చూసుకోండి పెద్దమ్మా," అంది.