ఎర్ర గుర్రానికి మెత్తని కళ్ళెం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఎర్ర గుర్రం ఉండేది. అది గుత్తి కోట గోడను ఒక్క దూకులో దాటేదని మనవళ్ళకు చెప్తుంటాను. కోట గోడ కాదులెండి, మా దొడ్డి కంచె. అదీ సగం కూలిన కంచె. దాని బలం గురించి మాత్రం పెంచి చెప్పే పని లేదు.

వానల్లేక కళ్యాణదుర్గం దిక్కున మేత ఎండిపోతే, మావాళ్ళు గొర్రెల్ని తోలుకొని దూరం పోయేవాళ్ళు. నడవలేని గొర్రెపిల్లల్ని సంచుల్లో వేసి, గుర్రానికి రెండు పక్కలా కట్టి, మా నాయన ఎక్కి గుట్టల దారి పట్టేవాడు. దిగుడు వస్తే చాలు, అది ఉరికేది. పుట్టినప్పటి నుంచి ఎద్దులతో బతికిన నాయనకు తెలిసిన మందు ఒక్కటే, ముకుతాడు బిగించడం. గుర్రానికీ అదే చేసినాడు. మెలితిప్పిన సన్నని ఇనుప కళ్ళెం నోట్లో పెట్టి, దవడ కింద గొలుసు బిగించి, పగ్గాలు గుంజేవాడు. నోట రక్తం కారుతున్నా అది ఇంకా జోరుగా పోయేది. ఒకనాడు సంచి తెగి గొర్రెపిల్లలు రాళ్ళ మీద పడి చచ్చిపోయినాయి.

"ఇంగ దీన్ని సంతకు తోలేస్తా" అన్నాడు నాయన. నేను దాని మెడ పట్టుకొని ఏడ్చినాను.

మా జేజినాయన, అంటే నాయనకు నాయన, అరుగు మీంచి లేచొచ్చినాడు. తన తువ్వాలు నా రొమ్ముకు అడ్డంగా వేసి, వెనకనుంచి రెండు కొసలూ నాయన చేతికిచ్చినాడు.

"గట్టిగా పట్టుకోరా వాన్ని. నువ్వు ఉరుకు సామీ!"

నాయన బిగపట్టినాడు. నేను తువ్వాలు మీదికి ఒరిగి కాళ్ళు తన్నిపట్టినాను. ఆయన బిగించేకొద్దీ నాకు బలమొచ్చింది. నాయన్ను ఊరి బయటదాకా ఈడ్చుకుపోయినాను. ఊరి బయటంటే, మా వాకిలి చివరికి.

"ఇప్పుడు ఇడువు. మళ్ళా పట్టు. మళ్ళా ఇడువు" అన్నాడు జేజినాయన. ఆనుకొనేందుకు ఏమీ లేక నా కాళ్ళు తడబడి నిలిచిపోయినాయి.

"చూసినావా? నువ్వు బిగిస్తాండావు కాబట్టే అది నీ మీద ఆనుకొని ఉరుకుతాండాది. ఎద్దు కాదప్పా అది!"

"ఇడిస్తే పోతాది నాయనా!"

"పోతే దాంతో నేనూ పోతా."

నోటి పుండు మానేదాకా ఆయన కళ్ళెమే పెట్టనియ్యలేదు. తర్వాత లావుపాటి నున్నని ఇనుముకు తోలు చుట్టి, గొలుసు తీసేసి, దవడ పట్టీ కింద వేళ్ళు దూరేంత వదులుంచినాడు. ఒక పొద్దున నన్ను ముందర కూర్చోబెట్టుకొని గుట్ట ఎక్కించినాడు. ఆ దిగుడులో గుర్రాన్ని నేనొక్కన్నే దించినానని మనవళ్ళు నమ్ముతారు. నిజానికి నా వేళ్ళ మీద ఆయన వేళ్ళున్నాయి.

దిగుడు మొదట్లోనే గుర్రం తల ముందుకు చాచింది. గిట్టల కింద రాళ్ళు జారినాయి. నేను కళ్ళు మూసుకొన్నాను. నా వేలి మీద జేజినాయన చిటికెనవేలు ఒక్కసారి బిగిసి సడలింది, అంతే. అంత జంతువూ ఆనుకొనేదాని కోసం వెతికింది. దొరకలేదు. బరువైన ఆ మెడ మెల్లగా పైకి లేచింది. గుర్రం ఒక్కో గిట్టా చూసుకొని పెడుతూ దిగింది. దాని ఊపిరి పగ్గం వెంట నా వేళ్ళలోకి వచ్చింది.

కింద నాయన నోరు తెరిచి నిలబడినాడు. "ఏమి చేసినావు నాయనా?"

"ఏమీ చేయలేదురా. అదే చెప్తాండా."

గుర్రం సంతకు పోలేదు. ముసలిదై మా దొడ్లోనే కన్నుమూసింది.

ఇప్పటికీ ఇంట్లో ఎవరితోనన్నా మాటామాటా పెరిగి నా గొంతు లేస్తుంటే, చిటికెనవేలు దానంతటదే సడలుతుంది. నేను ఊరకుంటాను. అవతలివాళ్ళకు ఆనుకొనేందుకు ఏమీ దొరకదు. వాళ్ళ గొంతు మెల్లగా దిగుతుంటే, ఒక పెద్ద ఊపిరి నా వేళ్ళలోకి వచ్చినట్టుంటుంది.